పచ్చ లైటుకు నేను లాగిన తీగ

అల్ట్రాసోనిక్ మిషన్ల మెకానిక్కునని చెబితే మా వైపు సగం మంది నేను స్కానింగ్ తీస్తాననుకుంటారు. ఒకసారి ఆత్మకూరు బస్టాండులో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "పొట్టలో రాయుండాదంటా ఉండారు, ఒకసారి చూడు అబ్బయ్యా" అని చొక్కా పైకెత్తాడు కూడా. మిగతా సగం మంది మైకుసెట్టు అనుకుంటారు. పెళ్ళి ఊరేగింపుకు నన్ను మాట్లాడుకోవడానికి మర్రిపాడు నుంచి వచ్చిన వాళ్ళున్నారు. నేను చేసే చప్పుడు మనుషులకు వినపడదని చెబితే, మరి ఎందుకు చేస్తున్నావని అడిగారు. ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను ఎవరైనా అడిగిన అర్థవంతమైన ప్రశ్న అదొక్కటేనేమో.

ఈ మధ్య పని మానేశాను. చూపు మందగించింది. సాల్డరింగ్ పెట్టబోతే బోర్డు మీద పక్కపక్కనున్న పార్టుల తీగ కాళ్ళు రెండూ కలిసిపోతున్నాయి. ఆ మధ్య ఐటీఐ చదివిన ముగ్గురు కుర్రవాళ్ళు ఈ పనిలోకి వస్తూ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "సర్క్యూట్లు నెట్‌లో దొరకతాయి సార్, నెట్‌లో దొరకనివి చెప్పండి" అన్నారు. నెట్‌లో దొరకనివంటే నా తప్పులే. అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వాళ్ళకు నోటితో సగం చెప్పి, మిగతా సగం సిగ్గుపడి ఆపాను. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను, రాలేదు కాబట్టి. నేను చేరిన రోజే హెడ్ మెకానిక్కునయ్యాను. అప్పటికి ఆత్మకూరులోని ఆ వర్క్‌షాపులో ఉన్నది మేమిద్దరమే, రెండో ఆయన ఓనరు.

బిళ్ళ, దాన్ని అదిరించే బోర్డు

ముందు పనేమిటో చెబుతాను. క్రిస్టల్ అని ఒక బిళ్ళ ఉంటుంది, చూడటానికి పాత రూపాయి బిళ్ళంత. దానికి కరెంటు ఒక వైపు నుంచి ఇస్తే ఉబ్బుతుంది, రెండో వైపు నుంచి ఇస్తే కుంచించుకుంటుంది. అలా సెకనుకు వేల సార్లు, లక్షల సార్లు దాన్ని అదిరించే బోర్డు తయారు చేయడం, చెడిపోతే బాగుచేయడం మా పని. నగలు కడిగే తొట్టి అడుగున ఉండేది ఆ బిళ్ళే. పళ్ళ డాక్టరు గార తీసే పుల్ల వెనక ఉండేదీ అదే. కండరాల నొప్పికి జెల్ పూసి రుద్దుతారే, ఆ హెడ్డులోనూ అదే ఉంటుంది.

ప్రతి బిళ్ళకూ తనకు నచ్చిన వేగం ఒకటుంటుంది. ఆ వేగం పట్టుకుంటే కాస్త కరెంటుకే ఎగిరి గంతేస్తుంది. కొంచెం అటూ ఇటూ అయితే ఎంత మొత్తుకున్నా కదలదు. ఉయ్యాల ఊపడం లాంటిదే. వెనక్కి వచ్చిన క్షణంలో చిన్న తోపు తోస్తే చాలు, ఎదురొస్తున్నప్పుడు తోస్తే మన చేతులే నొప్పి పుడతాయి.

చిక్కేమిటంటే ఆ వేగం ఒకచోట నిలవదు. బిళ్ళ వేడెక్కితే మారుతుంది. తొట్టిలో నీళ్ళు పెరిగితే మారుతుంది. హెడ్డు చర్మానికి ఆనినప్పుడు ఒకటి, గాలిలో ఉన్నప్పుడు ఇంకొకటి. అందుకని మంచి బోర్డు బిళ్ళను అదిరిస్తూనే, దానిలోకి ఎంత కరెంటు పోతోందో చూసుకుంటూ తన వేగాన్ని సర్దుకుంటుంది. చెడ్డ బోర్డు తన పాటికి తాను కొట్టుకుంటూ పోతుంది, అవతల బిళ్ళ ఉందో పగిలిందో దానికి అక్కర్లేదు. మనుషుల్లోనూ ఈ రెండు రకాలే చూశాను. రెండో రకం వాళ్ళు త్వరగా ఓనర్లవుతారు.

మా ఓనరు మాలకొండారెడ్డి

మా ఓనరు మాలకొండారెడ్డి ఈ రంగంలోకి బోరు మోటార్ల వైపు నుంచి వచ్చాడు. మా మెట్ట ప్రాంతంలో బోర్లకు ఎప్పుడూ లో ఓల్టేజే. ఓల్టేజి ఉంటే మోటరు నీళ్ళు పోస్తుంది, లేకపోతే మూలుగుతుంది. ఇరవై ఏళ్ళు స్టార్టర్లు, వైండింగులు చూసిన మనిషికి లోకంలో ఉన్న జబ్బు ఒకటే, మందూ ఒకటే. ఏ మిషను మీద ఏ ఫిర్యాదు వచ్చినా ఆయన తల కూడా ఎత్తకుండా, "ఓల్టేజి పెంచు" అనేవాడు.

"సార్, ఇది మోటరు గాదు. వేగం తప్పింది, వేగం సరిచెయ్యాల. ఓల్టేజి పెంచితే బిళ్ళ వేడెక్కి పగల్తాది" అని నేను చెప్పేవాడిని.

"ఏందయ్యా దేవసహాయం, నువ్వు ఐటీఐ, నేను అనుభవం" అనేవాడు.

పెంచేవాడిని. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసేది. తరువాత బిళ్ళ పగిలేది. అప్పుడు ఆయన, "చూసినావా, మద్రాసు వాళ్ళు నాసిరకం బిళ్ళలు పంపిస్తా ఉండారు" అనేవాడు.

ఒక ఏడాది ఆయన కన్ను అడవి పందుల మీద పడింది. మర్రిపాడు వైపు చేలల్లో పందుల బెడద ఎక్కువ. మనుషులకు వినపడని చప్పుడుతో పందుల్ని తరిమే మిషను చేద్దామన్నాడు. చేశాను. ఒక రైతు చేలో గుంజ నాటి, దాని మీద పెట్టి వచ్చాం. పది రోజుల తరువాత ఆ రైతు వర్క్‌షాపుకు వచ్చి, పందులు రోజూ వచ్చి ఆ గుంజకే ఒళ్ళు రుద్దుకుని పోతున్నాయని చెప్పాడు. మా ఓనరు ఏమాత్రం తొణకలేదు. "అంటే వాటికి వినపడతా ఉండాదన్న మాట! మిషను పని చేస్తా ఉండాది గదా. ఇంకొంచెం ఓల్టేజి పెంచు దేవసహాయం" అన్నాడు.

ఆయన్ని వెక్కిరించడానికి ఇదంతా చెప్పడం లేదు. కొంచెం వెక్కిరిస్తున్నాను, ఒప్పుకుంటాను. కానీ ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మకు జబ్బు చేసినప్పుడు తన కారులో నెల్లూరు తీసుకుపోయి, మూడు రోజులు ఆసుపత్రి వరండాలో మాతోపాటు కూర్చున్నాడు. అలాంటి మనిషి చెబితే కాదనడం కష్టం. కొత్తగా వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. దుర్మార్గుడైన ఓనరు మాటను ఎదిరించడం తేలిక. నేను చేసిన తప్పులన్నీ మంచి ఓనరు మాట విని చేసినవే.

నగల కొట్టులో రాళ్ళు

ఆత్మకూరులో ఒక నగల కొట్టుకు కడిగే తొట్టి అమర్చాం. నీళ్ళలో సబ్బు వేసి, నగలు ముంచి, స్విచ్ వేస్తే చేపలు వేయిస్తున్నట్టు చిటచిట చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కొట్టు యజమాని శెట్టిగారికి తెగ నచ్చింది. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ వినిపించేవాడు.

ఒకరోజు ఒకావిడ వాళ్ళ అవ్వ నాటి రాళ్ళ నెక్లెస్ తెచ్చింది. నల్లగా మసిపట్టి ఉంది. శెట్టిగారు ముంచాడు. అయిదు నిమిషాలకు తీస్తే బంగారం ధగధగలాడుతోంది, రాళ్ళు మాత్రం లేవు. అన్నీ తొట్టి అడుగున ఉన్నాయి. ఆ రాళ్ళను ఇన్నేళ్ళుగా పట్టుకుని ఉన్నది లక్క కాదు, మూడు తరాల మురికి. లక్క ఎప్పుడో పొడైపోయింది. మా మిషను ఆ మురికిని శుభ్రంగా కడిగేసింది.

ఆవిడ కొట్టు ముందు నిలబడి వీధంతా వినేట్టు అరిచింది. "మా అవ్వ మెడలో అరవై ఏళ్ళు నిలబడిన రాళ్ళు, మీ మిషన్లో అయిదు నిమిషాలు నిలబళ్ళా?" అంది. నన్ను పిలిపించారు. నేను వెళ్ళి మిషను సరిగ్గానే పని చేసిందని చెప్పాను. అది ఎవరికీ ఊరట కలిగించలేదు. చివరికి శెట్టిగారు రాళ్ళన్నీ మళ్ళీ పొదిగించి ఇచ్చి, తొట్టిని మూలకు నెట్టాడు.

అప్పుడు నేను గమనించిన సంగతి ఒకటుంది. బాగా పనిచేసిన మిషను మీద వచ్చిన ఆ ఫిర్యాదంత గట్టిది ఇంకోటి లేదు. అసలు పనిచేయని మిషన్ల మీద ఇంత గొడవ ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి మా ఓనరు కూడా గమనించాడు. మా ఇద్దరికీ అందులో కనిపించిన పాఠాలు మాత్రం వేరు.

పచ్చ లైటు

తొట్టికి చప్పుడుంటుంది. నొప్పుల మిషనుకు అది కూడా ఉండదు. దాని బిళ్ళ సెకనుకు పది లక్షల సార్లు అదురుతుంది, కుక్కకు కూడా వినపడదు. కదలిక కంటికి కనపడదు. మాది కొన్నవాళ్ళందరూ ఫోన్ చేసి ఒకే మాట అడిగేవాళ్ళు, "ఇది పని చేస్తా ఉండాదా లేదా, ఎట్టా తెలిసేది?"

దానికి నేను ఒక ఉపాయం చేశాను. బిళ్ళలోకి పోయే తీగను చిన్న రింగులో నుంచి పోనిచ్చి, ఆ కరెంటు మీద ఆధారపడి పచ్చ లైటు వెలిగేట్టు పెట్టాను. బిళ్ళ నిజంగా అదిరితేనే లైటు వెలుగుతుంది. హెడ్డు చర్మం మీద నుంచి లేచినా, జెల్ ఎండినా, బిళ్ళ పగిలినా ఆరిపోతుంది. నా జీవితంలో నేను చేసిన మంచి సర్క్యూట్ అదొక్కటే. దాన్ని చూసి రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబరం.

నెలలోగా ఫిర్యాదులు మొదలయ్యాయి. వింజమూరు నుంచి, కొండాపురం నుంచి, కావలి నుంచి అందరిదీ ఒకటే గోల. లైటు ఆరిపోతోంది. పేషెంట్లు భయపడుతున్నారు. డబ్బులిచ్చి కొన్న మిషనుకు లైటు ఆరడమేమిటి? జెల్ సరిగ్గా పూయండని చెబితే ఒకాయన, "జెల్ సంగతి నాకు చెప్పబాక, నీ లైటు సంగతి చూసుకో" అన్నాడు.

మా ఓనరు నన్ను పిలిచాడు. "నువ్వు పెట్టిన లైటు మన పరువు తీస్తా ఉండాది. స్విచ్ వేస్తే వెలగాల, కట్టేస్తే ఆరాల. లైటంటే అంతే గదా?"

"అట్ట పెడితే అది స్విచ్ వేసినారని చెప్పే లైటవతాది సార్. బిళ్ళ సంగతి చెప్పదు."

"ఎవురడిగినారు బిళ్ళ సంగతి?"

నేను రింగు దగ్గరి తీగను తుంచి, పవర్ సప్లై నుంచి లైటుకు ఇంకో తీగ లాగాను. రెండు సాల్డరింగులు, పావుగంట పని. ఆయన దానికి తోడు నిమిషానికోసారి 'టిక్' అనే బజర్ కూడా పెట్టించాడు. అప్పటి నుంచి మా మిషన్ల మీద ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. అందరూ సంతోషించారు. దాచడమెందుకు, ఆదివారాలు ఫోన్ మోగకపోవడంతో నేనూ సంతోషించాను. చర్చిలో పాట మధ్యలో లేచి బయటికి పరుగెత్తే అవసరం తప్పింది.

ఉదయగిరిలో ఒక చల్లని హెడ్డు

ఇది ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. ఉదయగిరిలో గ్రేస్ మేడం అని ఒక ఫిజియోథెరపిస్టు చిన్న క్లినిక్ నడుపుతుండేది. మనిషి మంచిది, పనిమంతురాలు. ఆమె దగ్గర మా మిషను ఉంది. ఒకరోజు ఫోన్ చేసి, "పేషెంటొకామె హెడ్డు చల్లగా ఉండాదంటా ఉండాది సార్, వచ్చి ఒకసారి చూడండి" అంది.

వెళ్ళాను. బల్ల పక్కన ఒక పెద్దామె కుడిచెయ్యి తువ్వాల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు ఖాదర్‌బీ. కొండ కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే పని. ఉదయగిరి చెంచాలు మీరు చూసే ఉంటారు. చిన్నప్పటి నుంచీ కత్తి పట్టీ పట్టీ బొటనవేలి మొదట్లో నరం వాచింది. బొటనవేలు మడిస్తే ప్రాణం పోతుందని చెప్పింది.

ఆ చెక్కేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు ఒక షెడ్డులో కూర్చుని కలిసి పనిచేస్తారు. ఎవరికైనా చెయ్యి పోతే, బాగయ్యేదాకా మిగతావాళ్ళు తలా కొన్ని చెక్కి ఆమె వంతు పూర్తి చేస్తారు. దానికి షరతు ఒకటే. ఆమె కత్తి ముట్టకూడదు. అందరి చేత తన వంతు చెక్కించుకుంటూ, ఇంట్లో చాటుగా చెక్కి బయటి కొట్టుకు వేస్తే అది ద్రోహం. ఖాదర్‌బీ వంతు అప్పటికి రెండు నెలలుగా మిగతావాళ్ళు చెక్కుతున్నారు.

నేను స్విచ్ వేశాను. పచ్చ లైటు వెలిగింది. బజర్ టిక్కుమంది.

"పోయినేడు భుజానికి ఇదే మిషను పెట్టినారు. అప్పుడు లోపల వెచ్చగా తెలస్తా ఉండె" అంది ఖాదర్‌బీ. "ఇప్పుడు ఉత్త చెంచా పెట్టి రుద్దినట్టుండాది."

"చెంచాలు చెక్కే చెయ్యి గదమ్మా, ఏది తగిలినా చెంచాలాగే ఉంటాది" అన్నాను. గ్రేస్ మేడం నవ్వింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఖాదర్‌బీ నవ్వలేదు.

"అమ్మా, ఆ లైటు చూడు. వెలగతా ఉండాదా లేదా?"

"వెలగతా ఉండాది."

"అయితే మిషను పని చేస్తా ఉన్నట్టే."

ఆమె కాసేపు లైటు వైపు చూసింది, కాసేపు తన చెయ్యి వైపు చూసుకుంది. "అట్నే అయ్యుంటాదిలే నాయనా" అంది.

హెడ్డు పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. దాని ముఖం మీద ఒక నీటి చుక్క వేస్తే, బిళ్ళ బతికుంటే ఆ చుక్క కుతకుతలాడుతుంది. నేను వేయలేదు. ఆత్మకూరు బస్సు స్టాండులో ఉంది, అది పోతే మళ్ళీ గంటన్నర దాకా లేదు. మీటరు పెట్టి ఒక రీడింగు మాత్రం తీసి, సర్వీసు పుస్తకంలో రాసుకుని పరుగెత్తాను.

నీటి చుక్క

ఎనిమిది నెలల తరువాత గ్రేస్ మేడం నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో కంగారు ఉంది. "సార్, మిషను అస్సలు పని చెయ్యడం లా. లైటు వెలగడం లేదు."

వెళ్ళి చూస్తే లైటు మాడిపోయింది. కొత్తది వేశాను. వెలిగింది. ఆమె హమ్మయ్య అనుకుంది. పేషెంటుకు పూద్దామంటే జెల్ సీసా ఖాళీ. కొత్త సీసా కోసం లోపలికి వెళ్ళింది. ఈలోగా ఊరికే కూర్చోలేక హెడ్డును కుళాయి కింద కడిగాను. ఒక చుక్క దాని ముఖం మీద నిలిచింది. లైటు పచ్చగా వెలుగుతోంది, బజర్ టిక్కుమంటోంది, చుక్క మాత్రం కదలడం లేదు. నాబ్ చివరిదాకా తిప్పాను. అయినా కదల్లేదు.

హెడ్డు విప్పాను. బిళ్ళ మూడు ముక్కలై ఉంది. అంచులు మాడి నల్లబడ్డాయి. ఓల్టేజి పెంచిన బిళ్ళలు ఎలా పగులుతాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఎప్పటి నుంచి ఇలా ఉందోనని సర్వీసు పుస్తకం తిరగేశాను. పోయినసారి రీడింగు నా చేతిరాతతోనే ఉంది. ఉండాల్సిన దాంట్లో పావు వంతు కూడా లేదు. దాని పక్కన నేనే ఒక మాట రాసుకున్నాను, "మీటరు చెడినట్టుంది, చూపించాలి" అని. ఆ రోజు నేను పేషెంటును నమ్మలేదు, నా మీటరును నమ్మలేదు. నేనే అబద్ధం నేర్పిన లైటును నమ్మాను.

ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "హెడ్డు మార్చి, మామూలు సర్వీసని రాసిరా. నోరు తెరవబాక" అన్నాడు. కొంచెం ఆగి, "ఇన్ని నెలలు ఒక్కరన్నా తగ్గలేదన్నారా? అందరికీ తగ్గింది గదా?" అన్నాడు.

నిజమే, చాలామందికి తగ్గింది. ఆ చచ్చిన హెడ్డు కింద కూర్చుని లేచి, మిషనుకు దండం పెట్టి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళకు తగ్గించింది గ్రేస్ మేడం చేయించిన వ్యాయామం, కొంత కాలం, కొంత పచ్చ లైటు. తగ్గనివాళ్ళ సంగతే ఎవరూ అడగలేదు.

"ఆ చెంచాల ఖాదర్‌బీకి తగ్గిందా మేడం?" అని అడిగాను.

గ్రేస్ మేడం మొహం చిట్లించింది. "ఆమెనా? ఇరవై సిట్టింగులు పెట్టినా తగ్గలా. విశ్రాంతి ఇయ్యకుండా ఇంట్లో పని చేస్తా ఉన్నట్టుండాది. నేను అదే కార్డు మీద రాసినాను. వాళ్ళ షెడ్డులో పని చూసే షంషాద్ వచ్చి అడిగితే కార్డు చూపించినాను. అంతే, ఆమెను తీసేసినారు."

నేను మూడు ముక్కల బిళ్ళను బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆమెకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. జెల్ సీసా చేతిలో పట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చుంది. "నా చేత్తో రాసినాను గదా సార్" అంది.

ఇందులో నేనెక్కడుండాను?

కొత్త హెడ్డు బిగించి, చుక్క వేసి, అది కుతకుతలాడటం చూసి, ఖాదర్‌బీ ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని ఎడం చేత్తో శనక్కాయలు ఒలుస్తోంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. జరిగింది చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు చాలా సిగ్గేసింది, ఆమె మొహం చూడలేక శనక్కాయల వైపే చూస్తూ మాట్లాడాను.

అంతా విని, "అయితే నేను చాటుగా చెక్కలేదని ఇప్పుడు నీకు తెలుసు" అంది.

"తెలుసమ్మా."

"నాకూ తెలుసు. మనిద్దరికీ తెలిసి ఏం లాభం? చిన్నప్పటి నుంచీ నా పక్కన కూర్చున్నోళ్ళు, నేను కనపడితే పక్కకు తిరిగి పోతా ఉండారు. దొంగ అన్నారు నన్ను. వాళ్ళకు తెలియాల. రాసియ్యి."

"కొత్త హెడ్డు వేసినాను. రేపటి నుంచి ఊరికే పెట్టిస్తా…"

"అది తర్వాత. ముందు రాసియ్యి."

"రెండు దినాల్లో రిపోర్టు తయారు చేసి పంపిస్తానమ్మా."

"రెండు దినాలయితే నీకు ధైర్యం పోతాది."

నా సంచిలో ఉన్నది వర్క్‌షాపు లెటర్‌ప్యాడు. దాని నెత్తి మీద మాలకొండారెడ్డి పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఆ కాగితం మీద ఈ సంగతి రాస్తే నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసు. రాశాను. ఆమె చదివి వినిపించమంది. "సాంకేతిక కారణముల వలన యంత్ర సామర్థ్యమునందు తాత్కాలిక లోపము సంభవించినట్లు గమనించడమైనది" అని చదివాను.

ఆమె ఓపిగ్గా విని, "ఇందులో నేనెక్కడుండాను?" అని అడిగింది.

ఆ కాగితం చించి ఇంకోటి తీశాను. ఈసారి ఇలా రాశాను. "నేను ఉదయగిరి క్లినిక్కుకు పోయినసారి వచ్చిన నాటికే మిషను చచ్చిపోయి ఉంది. లైటు మాత్రం వెలిగేట్టు తీగ లాగింది నేనే. హెడ్డు చల్లగా ఉందని ఖాదర్‌బీ చెప్పింది. ఆమె చెప్పింది నిజం. నేను పరీక్ష చేయకుండా పని చేస్తోందని చెప్పాను. ఆమె చెయ్యి తగ్గకపోవడానికి ఆమె చాటుగా పని చేయడం కారణమని ఈ మిషనును బట్టి ఎవరూ అనడానికి వీల్లేదు." కింద సంతకం పెట్టాను. నా వృత్తిలో నేను రాసిన రిపోర్టులన్నింటిలో ఒక్కసారి చదివితే అర్థమయ్యేది అదొక్కటే.

ఆ కాగితం సంగతి తెలిశాక ఆత్మకూరులో నా ఉద్యోగం ఇంకో వారం నడిచింది. మాలకొండారెడ్డి అరవలేదు. "నా పేరున్న కాగితం మీదే రాయాల్నా దేవసహాయం?" అని మాత్రం అన్నాడు. తరువాత వింజమూరులో ఒక గది తీసుకుని సొంతంగా బోర్డులు చేశాను. మేమమ్మిన మిషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ పోయి, లైటు తీగ తుంచి మళ్ళీ రింగు దగ్గర కలిపి వచ్చాను. బాగున్న మిషనును పాడుచేశావని చాలామంది తిట్టారు. అక్కడ పనిచేసినన్నాళ్ళూ నా మీద వచ్చిన ఫిర్యాదు ఒకటే, లైటు ఆరిపోతోందని. కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ మీద కూడా ఆ ఫిర్యాదు రావాలి. రాకపోతే ఒకసారి తీగ ఎక్కడికి పోతోందో చూసుకోండి.

ఖాదర్‌బీ చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. సగం తగ్గింది. కొత్త హెడ్డు వల్ల తగ్గిందో, మేడం కట్టిన పట్టీ వల్లో నేను చెప్పలేను, చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. మొదట్లోనే చుక్క వేసి చూసి ఉంటే పూర్తిగా తగ్గేదా అన్న ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

షెడ్డులో

ఆ రోజు కాగితం ఇచ్చి వెళ్ళిపోదామనుకున్నాను. ఖాదర్‌బీ చెప్పులు వేసుకుని, "పద" అంది. ఆమెకు చదవడం రాదు, షంషాద్ చేతికిస్తే షంషాద్ తనకు కావాల్సినంతే చదువుతుందట.

షెడ్డులో పది మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. కత్తులు, ఆకురాళ్ళు, చుట్టూ కర్ర పొట్టు. మేము వెళ్ళేసరికి మాటలు ఆగాయి, చేతులు ఆగలేదు. నేను నిలబడి కాగితం చదివాను. "తీగ లాగింది నేనే" అన్న వాక్యం గబగబా చదివేశాను. ఆగి, నిదానంగా మళ్ళీ చదివాను. ఈసారి చేతులు కూడా ఆగాయి.

షంషాద్ కాగితం తీసుకుని తానే ఒకసారి చదువుకుంది. నన్ను ఎగాదిగా చూసింది. "మిషను చచ్చిపోతే లైటెందుకు పెట్టినావు?"

"అడిగినారని పెట్టినాను."

"నిన్నెవురన్నా దొంగన్నారా?"

"లేదమ్మా."

ఆమె లేచి, ఒక్కొక్కరి ముందున్న కుప్పలో నుంచి ఖాదర్‌బీ వంతుగా రెండేసి చెక్కిన చెంచాలు తీసి, గోడ పక్కన ఖాళీగా ఉన్న చాప ముందు పోసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఖాదర్‌బీ పోయి ఆ చాప మీద కూర్చుంది. వాళ్ళు ఆమెను క్షమించమని అడగలేదు, ఆమె కూడా ఎదురుచూసినట్టు లేదు. కాసేపటికి కత్తుల చప్పుడు మళ్ళీ మొదలైంది.

నేను సంచి తీసుకుని కదలబోయాను.

"యాడికి?" అంది ఖాదర్‌బీ. "నా వంతు వీళ్ళే చెయ్యాల్నా? కూర్చో."

చెక్కి పక్కన పెట్టిన ఒక చెంచా, గరుకు కాగితం ముక్క నా ముందుకు తోసింది. కూర్చుని రుద్దాను. చాలాసేపు రుద్దాను. నునుపు తేలి మెరుస్తోందనిపించాక ఆమెకిచ్చాను. ఆమె దాని వైపు చూడను కూడా లేదు. ఎడం చేతి వేలితో గుంట లోపల ఒకసారి తడిమి, తిరిగి నా ఒళ్ళో పెట్టింది.

"బాగానే ఉండాది గదమ్మా, మెరస్తా ఉండాది" అన్నాను.

"నీ కంటికి బాగుండాది. నా వేలికి లేదు. రుద్దు."

రుద్దాను.